వెబ్‌సైట్‌లో పెట్టిన రచనకు తాళం వేయగలమా?

ఎంతో శ్రమపడి ఒక వ్యాసం రాసి వెబ్‌సైట్‌లో పెడతాం. నాలుగు రోజులు తిరగకుండానే అదే వ్యాసం, అక్షరం పొల్లుపోకుండా, వేరొకరి పేరుతో వేరొక చోట కనిపిస్తుంది. పిల్లల కోసం సైన్సు పాఠాలు రాసే ఉపాధ్యాయుల దగ్గర్నుంచి పెద్ద పత్రికల దాకా ఈ బాధ చాలామందికి అనుభవమే. అసలు ఎవరూ కాపీ చేయడానికి వీల్లేకుండా పేజీకి తాళం వేసే ఉపాయం లేదా అన్న ప్రశ్న అప్పుడే పుడుతుంది.

సూటిగా చెప్పాలంటే, అందరినీ చదవనిస్తూ ఎవరినీ కాపీ చేయనివ్వకుండా ఆపడం సాధ్యం కాదు. కాపీ చేసేవారి పనిని కష్టతరం చేయవచ్చు. కాపీ జరిగిందని నిరూపించనూవచ్చు. ఈ రెండూ ఎంతవరకు సాధ్యమో తెలుసుకోవడానికి కోల్‌కతా నగరం అనుభవం బాగా పనికొస్తుంది. అచ్చుపుట బొమ్మలోని బెంగాలీ అక్షరాలను యంత్రం చేత చదివించే పని జరిగింది అక్కడే. రవీంద్రనాథ్ ఠాగూర్ రచనల మీద దశాబ్దాలపాటు ఉన్న చట్టపు కంచె తొలగిపోయాక, ఆ రచనల అసలు పాఠాన్ని కాపాడే మరో మార్గం వెతికిందీ అక్కడే.

తెర మీద కనిపించేదే ఒక నకలు

టీ కొట్టులో బల్ల మీద ఉన్న దినపత్రికను పదిమంది చదివి వెళతారు. పదిమంది చదివినా పత్రిక ఒక్కటే. వెబ్ పేజీ అలా కాదు. మీరు ఒక చిరునామా నొక్కగానే మీ బ్రౌజర్ ఆ సర్వర్‌కు ఒక అభ్యర్థన పంపుతుంది. సర్వర్ ఆ పేజీలోని పాఠాన్ని, బొమ్మలను, వాటిని ఎలా అమర్చాలో చెప్పే సూచనలను మీ ఫోనుకు పంపుతుంది. అవి ముందు మీ ఫోను మెమరీలోకి చేరితేనే తెర మీద అక్షరాలు కనిపిస్తాయి. అంటే పదిమంది చదివితే పది నకళ్లు తయారైనట్టే. కంప్యూటర్‌కు సంబంధించినంత వరకు చదవడానికీ కాపీ చేయడానికీ మొదటి అడుగు ఒకటే.

చట్టం కూడా ఈ సంగతిని గుర్తించింది. 1957 నాటి మన కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణలో, సమాచారాన్ని చేరవేసే సాంకేతిక ప్రక్రియలో భాగంగా తాత్కాలికంగా ఏర్పడే నకలు ఉల్లంఘన కాదని స్పష్టం చేశారు. ఆ మాట లేకపోతే ఇంటర్నెట్‌లో ఏ పేజీ తెరిచినా నేరమే అయ్యేది.

తాళం తళతళా మెరుస్తుంది, గోడ మాత్రం ఉండదు

చాలా వెబ్‌సైట్లలో మౌస్ కుడి బటన్ నొక్కితే 'కాపీ చేయరాదు' అన్న హెచ్చరిక వస్తుంది. కొన్నిచోట్ల వేలితో ఎంత నొక్కిపట్టినా అక్షరాలు ఎంపిక కావు. ఇదంతా చేసేది సర్వర్ కాదు. సర్వర్ పంపిన చిన్న ప్రోగ్రాము మీ బ్రౌజర్‌లో నడుస్తూ ఆ పని చేస్తుంది. బ్రౌజర్ మీది కాబట్టి, సెట్టింగులలో జావాస్క్రిప్టును ఆపేస్తే ఆ కాపలా సగం పోతుంది. పేజీ మూలకోడ్‌ను తెరిస్తే పాఠం మొత్తం ఎదురుగా ఉంటుంది. అదీ చేతకాకపోతే స్క్రీన్‌షాట్ ఉండనే ఉంది. వందల పేజీలను ఒక్కసారిగా ఊడ్చుకుపోయే ప్రోగ్రాములకైతే మౌసే ఉండదు. వాటికి కుడి బటన్ అడ్డంకి ఎలా అవుతుంది?

తెలుగు పాఠకులకు ఇలాంటి తాళం ఒకటి బాగా గుర్తుండే ఉంటుంది. 2000 దశకం తొలి సంవత్సరాల్లో 'ఈనాడు' వంటి తెలుగు పత్రికల వెబ్‌సైట్లు సొంత ఫాంట్లతో నడిచేవి. తెలుగుకు యూనికోడ్ సంకేతాలు అప్పటికే ఉన్నా, అందరి కంప్యూటర్లూ వాటిని సరిగ్గా చూపించేవి కావు. అందుకని ఇంగ్లీషు అక్షరాలకు కేటాయించిన సంకేతాల స్థానంలో తెలుగు అక్షరాల ముక్కల బొమ్మలను అమర్చిన ఫాంట్లు వాడేవారు. ఆ పేజీలో తెలుగు చక్కగా కనిపించేది. అదే వాక్యాన్ని కాపీ చేసి ఈమెయిలులో అతికిస్తే అర్థంలేని రోమన్ అక్షరాల కలగాపులగం వచ్చేది. కాపీని ఆపాలని చేసిన ఏర్పాటు కాకపోయినా, ఫలితంలో అది గట్టి తాళమే.

ఆ తాళం ఎన్నాళ్లో నిలవలేదు. ఏ సంకేతం ఏ తెలుగు ముక్కకు గుర్తో పట్టిక తయారు చేసుకుంటే, మిగిలింది యంత్రం పనే. వెన్న నాగార్జున రూపొందించిన 'పద్మ' అనే ఉపకరణం ఈ పనే చేసింది. దాన్ని ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌కు జోడిస్తే అలాంటి ఫాంట్ల పేజీలు యూనికోడ్ తెలుగులోకి మారిపోయేవి. ఎవరైనా కాపీ చేసుకుని వాడుకునే వీలున్న తెలుగు వికీపీడియాకు 2003 డిసెంబరులో నాంది పలికిందీ ఆయనే. ఇక ఆ ఫాంట్ల వల్ల పత్రికలకు జరిగిన నష్టం తక్కువేమీ కాదు. వెతుకులాట యంత్రాలకు ఆ పేజీల్లో తెలుగే కనిపించేది కాదు. తెలుగులో ఒక మాట కొట్టి వెతికితే ఆ వార్త దొరికేది కాదు. దొంగకు అందకూడదన్న వస్తువు పాఠకుడికీ అందకుండా పోవడం అంటే ఇదే. తరవాత పత్రికలన్నీ యూనికోడ్‌కు మారాయి.

బొమ్మగా మార్చి పెడితే?

పాఠాన్ని అక్షరాలుగా కాక బొమ్మగా పెడితే కాపీ చేయలేరు కదా అనేవారు ఇప్పటికీ ఉన్నారు. వాట్సాప్‌లో తిరిగే బొమ్మ వ్యాసాలు చాలావరకు ఈ ఆలోచనతో పుట్టినవే. దీనికి జవాబు కోల్‌కతాలో బారక్‌పూర్ ట్రంక్ రోడ్డు మీద ఉన్న ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో దొరుకుతుంది. 1931లో ప్రశాంత చంద్ర మహలనోబిస్ స్థాపించిన సంస్థ అది. తెలుగువారైన గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావు దశాబ్దాలపాటు పనిచేసింది అందులోనే. అక్కడి పరిశోధకులు బి.బి. చౌధురి, యు. పాల్ అచ్చు బెంగాలీని చదివే సంపూర్ణ ఓసీఆర్ వ్యవస్థ గురించి 1998లో 'పాటర్న్ రికగ్నిషన్' పత్రికలో ప్రకటించారు. ఓసీఆర్ అంటే బొమ్మలోని అక్షరాలను గుర్తుపట్టి మామూలు పాఠంగా మార్చే విద్య.

బెంగాలీ మాటలోని అక్షరాలు చాలావరకు పైన ఒక అడ్డగీతకు వేలాడుతూ ఉంటాయి. దాన్ని 'మాత్ర' అంటారు. ఆ గీత వల్ల మాట మొత్తం ఒకే ముద్దలా కనిపిస్తుంది. అక్షరాలను విడదీయాలంటే ముందు ఆ గీత ఎక్కడుందో పట్టుకోవాలి. బొమ్మలోని ఒక్కో అడ్డవరుసలో ఎన్ని నల్లచుక్కలు ఉన్నాయో లెక్కపెడితే, ఎక్కువ చుక్కలున్న వరుస మాత్ర అని తెలిసిపోతుంది. దాన్ని చెరిపేస్తే అక్షరాలు వేటికవి విడిపోతాయి. ఆ తరవాత ఒక్కో అక్షరం ఆకారాన్ని పోల్చి చూస్తారు. ఒకే రకం అచ్చులో స్పష్టంగా ఉన్న పుటల మీద ఆ వ్యవస్థ నూటికి 95.5 మాటలను సరిగ్గా చదివింది. పాతికేళ్ల కిందటి కంప్యూటర్లతో సాధించిన ఫలితం అది!

తెలుగులో సమస్య వేరు. మనకు అడ్డగీత లేదు, తలకట్టు ఏ అక్షరానికి ఆ అక్షరానిదే. కానీ కింద ఒత్తులు, పైన గుడి దీర్ఘాలు ఉంటాయి. అచ్చు తెలుగును గుర్తించడం మీద రాజశేఖరన్, బి.ఎల్. దీక్షితులు 1977లోనే పరిశోధన పత్రం రాశారు. 2001లో హైదరాబాద్ విశ్వవిద్యాలయానికి చెందిన అతుల్ నేగి, చక్రవర్తి భాగవతి బృందం, ఒకదాన్నొకటి తాకుతూ ఉన్న నల్లచుక్కల గుంపులను విడివిడి ముక్కలుగా తీసుకుని గుర్తించే పద్ధతిని వివరించింది. ఇవాళ మామూలు ఫోనే తెలుగు బొమ్మలోని అక్షరాలను చదివేస్తోంది. బొమ్మ తాళం కూడా తెరుచుకున్నట్టే.

ఇక్కడ నష్టపోయేది ఇంకొకరు. చూపులేని పాఠకులు ఎన్‌వీడీఏ వంటి స్క్రీన్ రీడర్ సాయంతో పేజీని వింటారు. ఆ ప్రోగ్రాము పేజీలోని అక్షరాలను తీసుకుని గొంతుగా మారుస్తుంది. అంటే అదీ ఒక రకం కాపీయే. పాఠం బొమ్మ రూపంలో ఉంటే అది చేతులెత్తేస్తుంది, లేదా ఓసీఆర్ చేసిన తప్పులతో సహా చదువుతుంది. కాపీ చేయాలనుకున్నవాడికి బొమ్మ వల్ల అయిదు నిమిషాల ఆలస్యం మాత్రమే. చూపులేని విద్యార్థికి మాత్రం తలుపు మూసుకున్నట్టే. అందుకే నా దృష్టిలో సైన్సు వ్యాసాలను బొమ్మలుగా పెట్టడం మంచి అలవాటు కాదు. వికలాంగులు చదువుకునే రూపంలోకి రచనలను మార్చడానికి మన చట్టం 2012 నుంచి ప్రత్యేకంగా అనుమతి ఇస్తోంది కూడా.

కాస్త పనిచేసే కాపలాలు

నిజమైన అడ్డంకి వేయాలంటే సర్వర్ దగ్గరే వేయాలి. సభ్యత్వం, పాస్‌వర్డ్ ఉన్నవారికే పేజీ పంపడం ఒక పద్ధతి. అప్పుడైనా లోపలికి వచ్చిన సభ్యుడు కాపీ చేస్తే ఆపలేం, ఎవరు తీసుకున్నారో మాత్రం తెలుస్తుంది. ఒకే చిరునామా నుంచి నిమిషానికి వందల అభ్యర్థనలు వస్తే అది మనిషి చదువుతున్న వేగం కాదని గుర్తించి నెమ్మది చేయడం మరో పద్ధతి. మూకుమ్మడిగా దోచుకునే ప్రోగ్రాములను ఇది కొంతవరకు నిలువరిస్తుంది.

'రోబోట్స్.టీఎక్స్‌టీ' అనే చిన్న ఫైలు గురించి చాలామంది వినే ఉంటారు. ఏ యంత్రాలు ఏ పేజీలకు రాకూడదో అందులో రాసి పెట్టవచ్చు. 1994లో మార్టిన్ కోస్టర్ ప్రతిపాదించిన ఈ పద్ధతి 2022లో ఇంటర్నెట్ ప్రమాణపత్రంగా వెలువడింది. కానీ అది గోడ మీద రాసిన 'ఇచట ప్రకటనలు అంటించరాదు' లాంటి మాట. మర్యాదస్తులు పాటిస్తారు, మిగతావారు దాని మీదే అంటించి పోతారు. భాషా నమూనాలకు శిక్షణ ఇవ్వడానికి వెబ్ పేజీలను సేకరించే యంత్రాల రాకతో ఈ ఫైలుకు మళ్లీ ప్రాధాన్యం వచ్చింది. తమ వార్తలను అలా వాడుకున్నారంటూ ఏఎన్ఐ వార్తా సంస్థ 2024 నవంబరులో ఓపెన్ఏఐ మీద ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది.

దొంగను పట్టించే గుర్తులు

ఆపలేనప్పుడు పట్టుకునే దారి చూడాలి. ఈ ఆలోచన ఇంటర్నెట్ కంటే పాతది. 1930ల్లో అమెరికాలో ఒక పటాల సంస్థ న్యూయార్క్ రాష్ట్ర పటంలో 'ఆగ్లో' అనే లేని ఊరిని చేర్చింది. ఆ ఊరు మరో సంస్థ పటంలో కనిపిస్తే కాపీ కొట్టినట్టే కదా! తమాషా ఏమిటంటే, పటంలో పేరు చూసి ఎవరో అక్కడ ఆ పేరుతోనే దుకాణం పెట్టారు. దాంతో లేని ఊరు ఉన్నట్టయింది. 1991లో అమెరికా సుప్రీంకోర్టు తేల్చిన 'ఫీస్ట్' కేసులోనూ టెలిఫోన్ డైరెక్టరీలో చేర్చిన దొంగ పేర్లే కాపీని బయటపెట్టాయి. అయినా కాపీ చేసినవారే గెలిచారు. పేర్లు, ఫోన్ నంబర్లు వాస్తవాలు, వాస్తవాల మీద కాపీరైట్ ఉండదని కోర్టు తేల్చింది. సైన్సు రాసేవాళ్లం దీన్ని గుర్తుంచుకోవాలి. కిరణజన్య సంయోగక్రియ ఎవరి సొత్తూ కాదు. దాన్ని వివరించడానికి మనం కూర్చిన వాక్యాలు మాత్రమే మనవి. ఇక సైన్సు వ్యాసంలో ఉచ్చు కోసం తప్పుడు వాస్తవాన్ని చేర్చడం పాఠకుడికి ద్రోహం.

తెలుగులో అబద్ధం చెప్పకుండా గుర్తు పెట్టే వీలుంది. 'వెబ్‌సైట్', 'సాఫ్ట్‌వేర్' వంటి మాటలను చూడండి. వీటిలో పొల్లుకూ తరవాతి అక్షరానికీ మధ్య కంటికి కనిపించని ఒక యూనికోడ్ గుర్తు ఉంది. దాన్ని తీసేస్తే 'వెబ్సైట్', 'సాఫ్ట్వేర్' అవుతాయి. రెండు రాతలూ వాడుకలో ఉన్నాయి, అర్థం మారదు. ఇలాంటి మాటలు ఒక వ్యాసంలో 20 ఉంటే, ప్రతిచోటా రెండింటిలో ఒకటి ఎంచుకోవచ్చు. 2ను 20 సార్లు హెచ్చిస్తే 10,48,576. అంటే పదిలక్షల మందికి పైగా సభ్యులకు తలా ఒక వేరు నకలు పంపవచ్చన్నమాట. ఎక్కడో దొరికిన కాపీలో ఆ వరుస చూస్తే అది ఎవరి నకలో తెలుస్తుంది. కాపీ చేసినవాడు తిరిగి టైపు చేస్తేనో, రాతనంతా ఒకే రకంగా మార్చేస్తేనో ఈ గుర్తు చెరిగిపోతుంది. ఒకటికి రెండు గుర్తులు వాడటం మంచిదని నిపుణులు చెప్పేది ఇందుకే.

కంచె తీసేశాక ఠాగూర్

ఠాగూర్ 1941 ఆగస్టు 7న కలకత్తాలో మరణించారు. ఆయన రచనల హక్కులు విశ్వభారతికి దక్కాయి. అప్పటి చట్టం ప్రకారం రచయిత మరణించిన తరవాత 50 ఏళ్లకు, అంటే 1991 డిసెంబరు 31తో ఆ హక్కులు ముగియాలి. గడువు దగ్గర పడగానే, ఆ తరవాత ఎవరు పడితే వారు ఎలా పడితే అలా అచ్చేస్తారన్న ఆందోళన మొదలైంది. చివరికి ముందు ఆర్డినెన్సు, తరవాత 1992 సవరణ చట్టం ద్వారా దేశంలోని రచయితలందరికీ గడువును 60 ఏళ్లకు పెంచారు. శ్రీశ్రీ 1983లో కన్నుమూశారు కాబట్టి ఆయన రచనల మీద హక్కు 2043 చివరి దాకా ఉంటుంది. ఆ లెక్క వెనక ఉన్నది ఠాగూర్ గడువే.

2001 డిసెంబరు 31తో ఆ కంచె కూడా పోయింది. ఠాగూర్ రచనలను ఎవరైనా కాపీ చేయవచ్చు, అచ్చేయవచ్చు. మరి పాఠం పాడైపోతుందన్న భయం సంగతేమిటి? కోల్‌కతాలోని జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయం దీనికి తనదైన జవాబు చెప్పింది. సుకాంత చౌధురి సారథ్యంలో అక్కడి స్కూల్ ఆఫ్ కల్చరల్ టెక్స్ట్స్ అండ్ రికార్డ్స్ 2013లో 'బిచిత్ర' అనే వెబ్‌సైట్‌ను తెచ్చింది. చేతిరాత ప్రతులు, అచ్చు పుస్తకాలు, పత్రికలు కలిపి 1,39,000కు పైగా పుటలు అందులో ఉన్నాయి. ఠాగూర్ ఒకే రచనను మళ్లీ మళ్లీ దిద్దేవారు. ఏ ప్రతిలో ఏ మాట మారిందో చూపడానికి 'ప్రభేద్' అనే సాఫ్ట్‌వేర్ రాసుకున్నారు. అది ముందు రచనలోని పెద్ద భాగాలను, తరవాత చిన్న ముక్కలను, చివరికి మాటలను పక్కపక్కన పెట్టి పోలుస్తుంది. ఇప్పుడు ఎవరైనా ఠాగూర్ కవితను మార్చి ప్రచారం చేస్తే, అసలు పాఠం ఏదో చూసుకోవడానికి అందరికీ ఒక చోటు ఉంది. 60 ఏళ్ల నిషేధం కంటే ఇది మేలైన రక్షణ అనిపిస్తుంది.

కాపీని పట్టుకునే ప్రోగ్రాములకు ఆధారమూ ఇలాంటి పోలికే. ఒక ఉదాహరణ చూద్దాం. 'చెరువు నీటిలో పెరిగే నాచు పగటివేళ ఆక్సిజన్‌ను విడుదల చేసి చేపలను బతికిస్తుంది.' ఇందులో 10 మాటలున్నాయి. వరసగా మూడేసి మాటల గుంపులు తీస్తే 8 వస్తాయి. ఎవరో దీన్ని కాపీ చేసి 'పగటివేళ'ను 'పగలు' అని మార్చారనుకుందాం. ఆ మాట ఉన్న 3 గుంపులు మారతాయి, 5 అలాగే ఉంటాయి. రెండు వాక్యాల్లో కలిపి వేర్వేరు గుంపులు 11. అందులో ఉమ్మడివి 5, అంటే దాదాపు 45 శాతం పోలిక. ఇదే సంగతిని మరొకరు సొంతంగా రాస్తే? 'పగటిపూట నాచు వదిలే ప్రాణవాయువే చెరువులోని చేపలకు ఆధారం.' ఉమ్మడి గుంపు ఒక్కటీ లేదు. విషయం ఒకటే అయినా పోలిక సున్నా. పెద్ద ఎత్తున ఇలా పోల్చే పద్ధతిని 1997లో ఆండ్రే బ్రోడర్ వివరించారు. తెలుగులో విభక్తులు, సంధులు మాట రూపాన్నే మార్చేస్తాయి కాబట్టి మాటల గుంపుల కంటే అక్షరాల గుంపులతో పోల్చడం మేలు.

మీ రచన కాపీ అయితే

కాపీరైట్ కోసం ఎక్కడా నమోదు చేసుకోనక్కరలేదు. రాసిన క్షణం నుంచే హక్కు మీది. కానీ ముందు రాసింది మీరేనని చూపగలగాలి. వ్యాసం ప్రచురించిన రోజే ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో ఆ పేజీని భద్రపరిస్తే తేదీతో సహా సాక్ష్యం మిగులుతుంది. చిత్తుప్రతులు పారేయకండి. కాపీ కనిపించగానే ఆ పేజీని కూడా అలాగే భద్రపరచండి, ఎందుకంటే మీరు ఉత్తరం రాయగానే అది మాయం కావచ్చు.

ముందు మర్యాదగా అడగడం మంచిది. పేరు, లింకు చేర్చమంటే చాలామంది చేరుస్తారు. తెలుగు వికీపీడియాలో ఉన్నట్టు స్వేచ్ఛా లైసెన్సుతో పెట్టిన రచనకైనా మూలాన్ని పేర్కొనాల్సిందే. కాపీరైట్‌ను అమ్మేసుకున్నా సరే, ఇది నా రచన అని చెప్పుకునే హక్కు చట్టంలోని 57వ సెక్షన్ ప్రకారం రచయితకు మిగిలే ఉంటుంది. హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో సాంకేతిక తాళాలను పగలగొట్టడం 65ఏ సెక్షన్ కింద నేరం, రెండేళ్ల దాకా జైలు, జరిమానా ఉండవచ్చు. చట్టం నిషేధించని పని కోసం తాళం తీస్తే ఆ సెక్షన్ వర్తించదు.

అడిగినా వినకపోతే, ఆ పేజీకి లింకులు ఇచ్చి దారి చూపుతున్న మధ్యవర్తి సంస్థకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయవచ్చు. రచన వివరాలు, హక్కుదారు మీరేనన్న ఆధారం, కాపీ ఉన్న చిరునామా అందులో ఉండాలి. ఫిర్యాదు సబబని తోస్తే ఆ సంస్థ 36 గంటల్లో ఆ పేజీకి దారి మూసి, 21 రోజులు అలాగే ఉంచాలని 2013 నాటి కాపీరైట్ నియమాలు చెబుతున్నాయి. ఈలోగా మీరు కోర్టు ఉత్తర్వు తెచ్చి ఇవ్వాలి. తేలేకపోతే 21 రోజుల తరవాత ఆ దారిని మళ్లీ తెరిచే స్వేచ్ఛ ఆ సంస్థకు ఉంటుంది.